పాలీహౌస్ కూరగాయలకు మట్టా, కోకోపీటా, రాక్‌వూలా? డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన సాగు షెడ్డు, వెయ్యాలనుకునే రైతు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: దేంట్లో వేస్తే దిగుబడి ఎక్కువ వస్తుంది? అమ్మేవాళ్ల దగ్గర దీనికి జవాబులు తయారుగా ఉంటాయి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) బ్యాగులు అమ్మే ఆయన మట్టికి రెట్టింపు అంటాడు. ఎర్రమట్టి తోలే ట్రాక్టరాయన మట్టిని మించింది లేదంటాడు. ఇద్దరి మాటలూ కాసేపు పక్కన పెట్టి, ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీ బోరు నీటి ఇసి ఎంత? ఏప్రిల్ మధ్యాహ్నం కరెంటు పోతే మళ్లీ ఎంతసేపటికి వస్తుంది? డ్రిప్పు, ఎరువుల ట్యాంకు రోజూ చూసేది ఎవరు: మీరా, పనివాళ్లా, ఆదివారాలు మాత్రమే ఊరొచ్చే కొడుకా? వీటికి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే ఏ మీడియం (వేరు పెరిగే పదార్థం) ఎంచుకోవాలో చాలావరకు తేలిపోతుంది.

ఇసి అంటే నీటిలో, మట్టిలో కరిగి ఉన్న లవణాల కొలత. ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ మీటరుకు డెసీసీమెన్స్ లెక్కలో ఉంటాయి. ల్యాబ్ రిపోర్టులో మిల్లీసీమెన్స్ పర్ సెంటీమీటర్ అని ఉన్నా అంకె అదే. మైక్రోసీమెన్స్ అని ఉంటే వెయ్యితో భాగించాలి.

వేరుకు ఎంత చోటు?

మట్టి బెడ్డులో ఒక్కో క్యాప్సికం మొక్కకు ఎంత మట్టి దక్కుతుందో లెక్క వేద్దాం. చదరపు మీటరుకు రెండున్నర మొక్కలు, మొత్తం విస్తీర్ణంలో 60 శాతం బెడ్లు, మిగతాది దారులు, బెడ్డు ఎత్తు 30 సెంటీమీటర్లు అనుకుంటే మొక్కకు సుమారు 70 లీటర్ల మట్టి వస్తుంది. దాని కింద అసలు నేల ఎలాగూ ఉంది. అదే మొక్కను కోకోపీట్ గ్రో బ్యాగులో పెడితే దానికి దొరికేది 5, 6 లీటర్లు. రాక్‌వూల్ (రాతి నార) పలకలో అయితే ఇంకా తక్కువ, 4 లీటర్ల దరిదాపుల్లో.

మిగతా తేడాలన్నీ ఇక్కణ్నుంచే మొదలవుతాయి. బాగా ఎదిగిన టమాటా, కీర దోస మొక్క ఎండ రోజున రెండు మూడు లీటర్ల నీళ్లు తాగుతుంది. 70 లీటర్ల మట్టిలో ఉన్న మొక్కకు ఒకరోజు నీళ్లు అందకపోయినా ఆకు వాలుతుందేమో గానీ పంట పోదు. 5 లీటర్ల కోకోపీట్‌లో ఉన్న మొక్క మిట్టమధ్యాహ్నం కొన్ని గంటలకు మించి ఓపలేదు. రాక్‌వూల్‌కు ఆ కాస్త ఓపిక కూడా లేదు. దీనికి రెండో వైపూ ఉంది. 5 లీటర్లలో ఇసి, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఈరోజు సరిచేస్తే రేపటికల్లా వేరుకు తెలుస్తుంది. మట్టిలో అదే మార్పుకు వారాలు పడుతుంది. చిన్న పాత్రలో పొరపాటు ఎంత త్వరగా దెబ్బ తీస్తుందో, దిద్దుబాటు కూడా అంతే త్వరగా పనిచేస్తుంది.

మట్టి

తెలంగాణ చల్క నేలలు, మదనపల్లె, కుప్పం వైపు ఎర్ర నేలలు ఉన్నవాళ్లు మొదటి పాలీహౌస్‌కు మట్టిని వదిలి ఇంకోదానికి పోవాల్సిన పనేమీ లేదు. ఉద్యాన శాఖ వాళ్లు సాధారణంగా చెప్పే మిశ్రమం 70 పాళ్లు ఎర్రమట్టి, 20 పాళ్లు మాగిన పశువుల ఎరువు, 10 పాళ్లు వరి ఊక. బెడ్డు వెడల్పు మీటరు లోపు, ఎత్తు 30 నుంచి 45 సెంటీమీటర్లు, మధ్యలో అర మీటరు దారి. పీహెచ్ 5.5–6.5, ఇసి 1 లోపు ఉంటే మంచి మొదలు.

ఇక్కడ ఖర్చు ఎక్కడ దాక్కుంటుందంటే మట్టి తోలకంలో. మీ నేల నల్లరేగడి అయితే బెడ్లకు ఎర్రమట్టి బయటి నుంచి తేవాలి. ఎకరానికి పైన చెప్పిన కొలతలతో 700 ఘనపు మీటర్లకు పైగా బెడ్డు మిశ్రమం అవుతుంది. అందులో మట్టి వాటా 500 ఘనపు మీటర్లు. ట్రక్కుకు 3 ఘనపు మీటర్ల చొప్పున చూస్తే 160కి పైగా ట్రిప్పులు. పైగా అది ఎవరి చేను మట్టో, ఏ తెగులు మోసుకొస్తుందో తెలియదు. వంగో టమాటాయో వేసిన చేలోంచి మట్టి తెస్తే వేర్లకు పట్టే నులిపురుగుల్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టే. నల్లరేగడి మీదే నేరుగా బెడ్లు కట్టాలనే ఆలోచన మాత్రం వద్దు. తడిస్తే గాలి ఆడదు, ఆరితే పగుళ్లు తేలి వేర్లు తెగుతాయి, పీహెచ్ తరచుగా 8 దాకా ఉంటుంది, ఇనుము అందక ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

మట్టి అసలు గుణం ఓర్పు. బంకమట్టి రేణువులు, సేంద్రియ పదార్థం కలిసి పోషకాల్ని పట్టి ఉంచుతాయి, పీహెచ్‌ను ఒక్కసారిగా ఊగనివ్వవు. ఎరువు ఒకపూట ఎక్కువైనా తక్కువైనా అవే సర్దేస్తాయి. నీళ్లలో ఇసి కాస్త ఎక్కువున్నా నడుస్తుంది.

ఆ ఓర్పు రెండు మూడేళ్లలో అరిగిపోవడం మొదలవుతుంది. కారణాలు రెండు. మొదటిది వేర్లకు బొడిపెలు తెచ్చే నులిపురుగులు. పాలీహౌస్ లోపల ఏడాది పొడవునా వెచ్చగా, తడిగా ఉంటుంది, ఎప్పుడూ క్యాప్సికమో, కీర దోసో, టమాటాయో ఉంటుంది. వాటికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. పొద్దున బాగున్న మొక్క మధ్యాహ్నం వాలి, సాయంత్రం మళ్లీ లేస్తుంటే నీళ్లు తక్కువయ్యాయని డ్రిప్ పెంచకుండా ఒక మొక్కను పీకి వేర్లు చూడండి. ముడులు ముడులుగా బొడిపెలుంటే సంగతి అదే. ఎండు తెగులు, బాక్టీరియా వడలు తెగులు కూడా వీటి వెనకే వస్తాయి. నులిపురుగు చేసిన గాయాలే వాటికి దారి.

రెండో కారణం ఉప్పు. బయట పొలంలో వానాకాలం నేలను కడిగేస్తుంది. పాలీహౌస్ కప్పు కింద చినుకు పడదు. మీరు వేసిన ప్రతి కిలో ఎరువులో మొక్క తీసుకోనిది, బోరు నీళ్లలో వచ్చిన సోడియం, క్లోరైడ్ అక్కడే పేరుకుంటాయి. బెడ్డు అంచుల మీద తెల్లటి పొర కనిపించే సమయానికి నష్టం అప్పటికే మొదలై ఉంటుంది.

మందు ఉంది, సమయం ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో బెడ్లను బాగా తడిపి, పారదర్శక పాలిథీన్ షీటు గాలి చొరకుండా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే మన ఎండకు పై పొర వేడెక్కి చాలా నులిపురుగులు, శిలీంధ్రాలు చస్తాయి. లోతుకు పోయినవి బతుకుతాయి, అందుకే ఇది ఏటా చేయాల్సిన పని. షీటు తీశాక ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) కలిపి మాగబెట్టిన వేపపిండి వెయ్యాలి. పంటకూ పంటకూ మధ్య మంచి నీళ్లతో బెడ్లను బాగా నానబెట్టి ఉప్పును కిందికి దింపాలి. టమాటా వేసేవాళ్లకు వంగ వేరుమూలం మీద అంటు కట్టిన నారు మంచి దారి. వడలు తెగులున్న నేలలో అది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది.

ఇవన్నీ చేసేంత ఖాళీ కాలం పంటల మధ్య వదలనివాళ్లకే మట్టి త్వరగా చేదవుతుంది.

కోకోపీట్

కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టే కోకోపీట్. కోనసీమలో అంబాజీపేట చుట్టుపక్కల పీచు పరిశ్రమ ఉంది, తమిళనాడు పొల్లాచ్చి నుంచి లారీల మీద వస్తుంది. మనకు దగ్గర్లో దొరికే సరుకు కావడం దీనికున్న పెద్ద బలం. తన బరువుకు ఎనిమిదింతలకు పైగా నీళ్లు పట్టుకుంటుంది, అయినా లోపల గాలికి చోటుంటుంది. లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ కాబట్టి త్వరగా కుళ్లదు. పీహెచ్ 5.5–6.5 మధ్య, అంటే కూరగాయలు కోరుకునే చోటే ఉంటుంది. మట్టి తెగుళ్లూ ఉండవు.

మోసం జరిగేది ఉప్పు దగ్గర. కొబ్బరి పొట్టులో సహజంగానే పొటాషియం, సోడియం, క్లోరైడ్ ఎక్కువ. కాయలు ఉప్పునీటి దగ్గర నానితే ఇంకా ఎక్కువ. కడగని కోకోపీట్ ఇసి 2 దాటడం మామూలే. కడిగిన సరుకులో 0.5–0.7 లోపు ఉండాలి. బిల్లు మీద కడిగినదని రాసినంత మాత్రాన నమ్మవద్దు, పరీక్ష ఇంట్లోనే చెయ్యొచ్చు. లోడులో వేర్వేరు చోట్ల నుంచి మూడు నాలుగు దిమ్మెలు తీసి నానబెట్టి కలపండి. ఒక గ్లాసు తడి కోకోపీట్‌కు గ్లాసున్నర డిస్టిల్డ్ వాటర్ పోసి అరగంట ఉంచి, గుడ్డలో వడగట్టి ఇసి మీటరు పెట్టండి. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేస్తే నీటి ఇసినే కొలుచుకున్నట్టవుతుంది.

ఇసి తక్కువగా ఉన్నా ఇంకో చిక్కుంది. కొబ్బరి పొట్టు రేణువుల మీద పొటాషియం, సోడియం అతుక్కుని ఉంటాయి. మీరు కాల్షియం ఇచ్చినప్పుడు రేణువు కాల్షియాన్ని లాక్కుని, వాటిని వేరు దగ్గరికి వదులుతుంది. మొదటి వారాల్లో మొక్క కాల్షియానికి మొహం వాచి ఉంటుంది, మొదటి కోత కాయల అడుగు నల్లబడుతుంది. దీనికి విరుగుడు నాటడానికి ముందే కాల్షియం నైట్రేట్ ద్రావణంలో ఒకరోజు నానబెట్టి, తర్వాత మంచి నీళ్లతో కడిగేయడం. దీన్నే బఫరింగ్ అంటారు. బఫర్ చేసిన బ్యాగు ధర ఎక్కువే. అయినా క్యాప్సికానికి ఆ తేడా పెట్టమనే చెబుతాను. కీర దోసకు బాగా కడిగినది సరిపోతుంది, మొదటి నుంచీ కాల్షియం నైట్రేట్ సరిగ్గా ఇస్తే నెట్టుకురావచ్చు.

పొట్టు ఎంత సన్నగా ఉంటే అంత నీళ్లు పట్టుకుంటుంది, అంత గాలి తగ్గుతుంది. మూడు నెలల కీర దోసకు అది పెద్ద ఇబ్బంది కాదు. తొమ్మిది పది నెలలు నిలబడే రంగు క్యాప్సికానికి సన్న పొట్టు ఒక్కటే నింపితే ఏడో నెలకల్లా దిగబడి, అడుగున నీళ్లు నిలిచి, వేర్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. పొట్టుతో పాటు 30 నుంచి 50 శాతం కొబ్బరి చిప్స్, అంటే డొప్ప ముక్కలు కలిపిన బ్యాగు అడిగి తీసుకోండి.

ఎకరానికి 10,000 క్యాప్సికం మొక్కలనుకుంటే, మీటరు పొడవు బ్యాగుకు మూడు నాలుగు మొక్కల చొప్పున 2,500 నుంచి 3,300 బ్యాగులు కావాలి. విడిగా దిమ్మెలు కొని కుండీల్లోనో, షీటు పరిచిన కాలువల్లోనో నింపుకుంటే మొక్కకు 6 లీటర్ల చొప్పున 60,000 లీటర్లు. 5 కిలోల దిమ్మె నానితే 70 లీటర్ల దాకా వస్తుంది కాబట్టి 850 దిమ్మెలు, నాలుగు టన్నుల పైచిలుకు. ఇలా చేస్తే డబ్బు మిగులుతుంది. కాలువ పద్ధతిలో ఒక మొక్కకు వేరు కుళ్లు వస్తే నీటి వెంట వరుసంతా పాకుతుంది. బ్యాగులో అయితే ఆ మూడు మొక్కలతో ఆగిపోయే అవకాశం ఎక్కువ. కుండీలు వీటి మధ్య మంచి రాజీ, శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడం కూడా తేలిక.

నీళ్లు పెట్టే తీరు పూర్తిగా మారిపోతుంది. మట్టిలో రోజుకోసారో రోజు విడిచి రోజో ఇస్తాం. కోకోపీట్‌లో ఎండను బట్టి రోజుకు ఆరేడు నుంచి పదిహేను సార్లు, సారికి మొక్కకు 100–150 మిల్లీలీటర్లు, ప్రతి సారీ ఎరువుతో. ఇచ్చినదాంట్లో 20–30 శాతం అడుగు నుంచి బయటికి రావాలి. రాకపోతే ఉప్పు బ్యాగులోనే పేరుకుంటుంది. వచ్చిన ఆ నీటి ఇసిని రోజూ కొలవాలి. ఇచ్చిన దానికన్నా 1 కంటే ఎక్కువ పెరిగిందంటే నీళ్లు తక్కువ ఇస్తున్నారని లెక్క. ఈ మీటరు పని రోజూ చేసే మనిషి మీ దగ్గర లేకపోతే కోకోపీట్ జోలికి పోవద్దు. ఎకరం క్యాప్సికానికి రోజుకు 20,000 లీటర్లు ఇస్తుంటే 4,000–6,000 లీటర్ల ఎరువు నీళ్లు కిందికి పోతాయి. వాటిని గుంటలోకి పట్టి పక్కనున్న పశుగ్రాసానికో, మామిడి చెట్లకో మళ్లించుకోండి. దారుల్లో నిలవనిస్తే బూజు, దోమ రెండూ పెరుగుతాయి.

బ్యాగులు రెండు మూడేళ్లు వస్తాయి. పంట తీశాక పాత వేర్లు వీలైనంత లాగేసి, కడిగి, ఎండకు కప్పి పెట్టి మళ్లీ వాడొచ్చు. ప్రతి పంటకూ పొట్టు కుంగుతుంది, గాలి తగ్గుతుంది. ఆఖరికి పొలానికే ఎరువుగా పోతుంది కాబట్టి చెత్త సమస్య లేదు, పైనున్న ప్లాస్టిక్ కవరు తప్ప.

రాక్‌వూల్, పెర్లైట్

బసాల్ట్ రాయిని 1,500 డిగ్రీల పైన కరిగించి, దారాలుగా వడికి పలకలు చేస్తారు. కూరగాయల సాగుకు దీన్ని 1969లో డెన్మార్క్‌లో మొదలుపెట్టారు, తర్వాత నెదర్లాండ్స్ కూరగాయల గ్రీన్‌హౌస్‌లు చాలావరకు దాని మీదికి మళ్లాయి. అక్కడ కంప్యూటర్ నడిపే డ్రిప్, చల్లటి వాతావరణం, శుభ్రమైన వాననీరు, వాడిన పలకల్ని వెనక్కి తీసుకునే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. రాక్‌వూల్ పోషకాల్ని పట్టి ఉంచదు. మీరిచ్చిందే మొక్కకు అందుతుంది, తప్పు ఇచ్చినా సరే. మొదట్లో పీహెచ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి పీహెచ్ 5.5 నీళ్లలో నానబెట్టి మొదలుపెట్టాలి. మనకు దిగుమతి సరుకు, వాడేశాక ఎక్కడ పారెయ్యాలో దిక్కులేదు. మన దగ్గర కోకోపీట్ దొరుకుతుండగా దీన్ని ఎంచుకోవడానికి నాకు ఒక్క గట్టి కారణం కూడా కనబడదు.

పెర్లైట్ అగ్నిపర్వతపు గాజు, వేడికి పేలాల్లా పొంగిన తెల్లటి గుళికలు. ఒక్కదాన్నే నింపితే నీళ్లు ఆగవు. కోకోపీట్‌లో 20–30 శాతం కలిపితే గాలి పెంచుతుంది, కుళ్లదు, కుంగదు. పొడిగా ఉన్నప్పుడు దుమ్ము లేస్తుంది, ముందు తడిపి, మాస్కు పెట్టుకుని పని చెయ్యాలి. వర్మిక్యులైట్, అంటే వేడికి పొంగిన అభ్రకం లాంటి ఖనిజం, నారుకే పరిమితం. ప్రోట్రేలకు (నారు పెంచే గుంతల ట్రేలు) కోకోపీట్ మూడు పాళ్లు, పెర్లైట్ ఒకటి, వర్మిక్యులైట్ ఒకటి చాలామంది నర్సరీ వాళ్లు వాడే కొలత. పెద్ద మొక్క కింద నెలల తరబడి తడిలో ఉంటే అది నలిగి ముద్దవుతుంది.

ఊక, రంపపు పొట్టు, వర్మీ కంపోస్ట్

మిర్యాలగూడ లాంటి రైస్ మిల్లుల ఊళ్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఊక దాదాపు రవాణా ఖర్చుకే వస్తుంది. పచ్చి ఊక నీళ్లు పట్టుకోదు, అందులో మిగిలిన గింజలు మొలుస్తాయి. గాలి తక్కువ పెట్టి నల్లగా బొగ్గు చేసిన ఊక మంచి సరుకు: తేలిక, శుభ్రం, సిలికా ఉంటుంది. మిల్లు బాయిలర్లోంచి వచ్చే తెల్ల బూడిద వేరు, అది కావాల్సింది కాదు. ఊక బొగ్గు పీహెచ్ 7.5 పైన ఉంటుంది కాబట్టి కడిగి, కోకోపీట్‌లో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కలపాలి. పెర్లైట్ ధర చూసి వెనకాడేవాళ్లకు ఇదే ప్రత్యామ్నాయం.

రంపపు పొట్టు కెనడాలో బ్రిటిష్ కొలంబియా గ్రీన్‌హౌస్‌లలో ఏళ్ల తరబడి వాడారు, కానీ అక్కడి కలప వేరు. మన టింబర్ డిపోలో టేకు, వేప, ఇంకా ఏవేవో కలిసి ఉంటాయి. కుళ్లేటప్పుడు మొక్కకు పోవాల్సిన నత్రజనిని అదే తినేస్తుంది. వదిలేయండి. వర్మీ కంపోస్ట్ 10 శాతం దాకా కలిపితే మేలే. అంతకు మించితే ఇసి పెరుగుతుంది, సన్న రేణువులు అడుగున పేరుకుని నీళ్లు దిగవు, డ్రిప్ ఎరువుల లెక్క కూడా తప్పుతుంది.

కాయ నాణ్యత సంగతి

కోకోపీట్ టమాటా చప్పగా ఉంటుందని, మట్టి టమాటాకే రుచి ఉంటుందని ఒక మాట బాగా తిరుగుతోంది. టమాటా రుచి మొదట రకాన్ని బట్టి, తర్వాత ఎంత పండాక కోశారన్నదాన్ని బట్టి, ఆ తర్వాత వేరు దగ్గర ఇసిని బట్టి ఉంటుంది. ఇసి కాస్త పెంచితే మొక్క నీళ్లు తక్కువ తీసుకుంటుంది, కాయ చిన్నదవుతుంది, తీపి పెరుగుతుంది. చెర్రీ టమాటాకు ఇసి 3, 3.5 దాకా తీసుకెళ్లేది అందుకే. అదే పని బరువు లెక్కన అమ్మే టమాటాకు చేస్తే మార్కెట్లో దానికి ఎవరూ అదనంగా డబ్బివ్వరు, మీ టన్నులు మాత్రం తగ్గుతాయి.

ఉప్పుకు ఏ పంట ఎంత ఓర్చుకుంటుందో వ్యవసాయ శాస్త్రంలో ఎప్పటి నుంచో వాడుతున్న అంకెలున్నాయి. మట్టిని నీళ్లతో ముద్ద చేసి తీసిన సారంలో కొలిచే ఇసి ప్రకారం టమాటా, కీర దోస 2.5 దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటాయి. ఆ పైన ఒక్కో యూనిట్‌కు టమాటాలో సుమారు 10 శాతం, కీర దోసలో 13 శాతం పడిపోతుంది. క్యాప్సికానికి హద్దు 1.5 మాత్రమే, ఆ పైన యూనిట్‌కు 14 శాతం. అందరికీ రంగు క్యాప్సికం మీద మోజు, అదేమో ఈ మూడింటిలో ఉప్పుకు అన్నిటికన్నా సున్నితం. ఉప్పు బోరున్నవాళ్లు దీన్ని రెండుసార్లు చదువుకోవాలి.

కాయ అడుగు నల్లబడి కుళ్లడం, టమాటా పగలడం, కీర దోస వంకర తిరగడం లాంటి గ్రేడ్ తగ్గించే లోపాలన్నిటి వెనకా నీళ్ల హెచ్చుతగ్గుల వాటా ఉంటుంది. అడుగు కుళ్లు మాటకొస్తే, కాల్షియం నీటి వెంటే ప్రయాణిస్తుంది. ఆకు ఎక్కువ నీళ్లు లాగుతుంది కాబట్టి కాల్షియం అటే పోతుంది. వేరు ఒకపూట ఎండినా, ఇసి ఎక్కువైనా, పొటాషియం, అమ్మోనియం ఎక్కువైనా కాయ కొసకు అది చేరదు. మట్టిలో కాల్షియం నిల్వ ఉన్నా బెడ్డు ఎండీ తడిసీ ఊగుతుంటే ఈ కుళ్లు వస్తుంది. కోకోపీట్‌లో తడి నిలకడగా పెట్టొచ్చు, కానీ బఫరింగ్ తప్పితే వస్తుంది. నిలకడగా నీళ్లు పెట్టగలిగినవాడికి కోకోపీట్‌లో ఒకే సైజు కాయలు, మొదటి గ్రేడ్‌వి ఎక్కువ వస్తాయి. నేను చూసినంతలో కోకోపీట్ అసలు లాభం అదే. మొదటి ఏడాది ఆరోగ్యంగా ఉన్న ఎర్రమట్టితో పోలిస్తే మొత్తం టన్నుల్లో తేడా అమ్మేవాళ్లు చెప్పేంత ఉండదు. మూడో ఏడాది నులిపురుగులు పట్టిన మట్టితో పోలిస్తే మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఉంటుంది.

నీళ్లు, ఎండ

కోకోపీట్‌లో క్యాప్సికానికి ఇచ్చే ద్రావణం ఇసి 2 దగ్గర ఉండాలి. మీ బోరు నీళ్లే 0.4 ఉంటే ఎరువుకు 1.6 చోటు మిగిలింది. బోరు 1.5 ఉంటే మిగిలింది అర యూనిట్. అందులో నత్రజని, పొటాష్, కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఎలా ఇరికిస్తారు? ఇరికిస్తే ఇసి 3 దాటుతుంది, క్యాప్సికం ఒప్పుకోదు. నీటి ఇసి 0.8 లోపు ఉంటే మట్టి లేని సాగుకు నిశ్చింతగా పోవచ్చు. 1.5 దాటితే మట్టే మేలు, లేదా ఆర్‌వో (నీటిలో ఉప్పు వడగట్టే యంత్రం) పెట్టుకోవాలి. ఆర్‌వో పెడితే అది వదిలే ఉప్పునీళ్లు ఎక్కడికి పంపాలో కూడా ఆలోచించుకోవాలి. తెలంగాణ, రాయలసీమ బోర్లలో బైకార్బొనేట్లు కూడా ఎక్కువ. అవి పీహెచ్‌ను పైకి లాగుతాయి, డ్రిప్పర్లు మూసేస్తాయి, నైట్రిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో కలిపి సరిచెయ్యాలి. నీటి పరీక్షలో ఇసి, పీహెచ్‌తో ఆపకుండా సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్ కూడా అడగండి.

ఇంకో దారి మీ కప్పు మీదే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వెయ్యి చదరపు మీటర్ల పాలీహౌస్ కప్పు మీద అది 8 లక్షల లీటర్లు. నష్టాలు పోను 6 లక్షలు చేతికొచ్చినా, 2,500 మొక్కలకు రోజుకు సగటున లీటరున్నర చొప్పున 160 రోజులు వస్తుంది. బోరు నీళ్లలో సగం సగం కలిపితే పంటంతా గడుస్తుంది. ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటకు పెట్టే డబ్బు ఖరీదైన బ్యాగుల కన్నా ముందు పెట్టాల్సిన డబ్బు.

ఎండ సంగతి యూరప్ నుంచి వచ్చిన పుస్తకాల్లో దొరకదు. మేలో బయట 42 డిగ్రీలున్నప్పుడు నేల లోపలి వేరు చల్లగానే ఉంటుంది. దారి మీద పెట్టిన 10 సెంటీమీటర్ల ఎత్తు బ్యాగు మాత్రం గాలితో పాటు వేడెక్కుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, వేరు కుళ్లు శిలీంధ్రాలకు అదే అదను. కాబట్టి నిజామాబాద్, రామగుండం లాంటి చోట్ల వేసవిలో కూడా పంట నిలపాలనుకుంటే మట్టి బెడ్డుకు సహజంగానే ఒక మెట్టు ఎక్కువ. బ్యాగులే అయితే పైన తెలుపు, లోపల నలుపు కవరు ఉన్నవి తీసుకుని, నేలకు ఆనకుండా కాస్త ఎత్తు మీద పెట్టి, డ్రిప్ మెయిన్ పైపు మట్టిలో పూడ్చండి. ఎండలో పడున్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. మదనపల్లె, కుప్పం లాంటి కాస్త చల్లటి చోట్ల ఈ బెంగ తక్కువ.

ఎవరికి ఏది?

ఎర్ర నేల, మొదటి పాలీహౌస్, బోరు ఇసి 1 పైన, కరెంటు మీద నమ్మకం లేదు: మట్టి బెడ్లు. వేసవిలో ఎండబెట్టే కాలం పంట ప్రణాళికలోనే రాసిపెట్టుకోండి. నల్లరేగడి, నీళ్లు మంచివి: ఎర్రమట్టి తోలే ఖర్చును కోకోపీట్ ఖర్చు పక్కన పెట్టి చూడండి, చాలాసార్లు కోకోపీటే గెలుస్తుంది. ఇప్పటికే నులిపురుగులు పట్టిన మట్టి, నీళ్లు మంచివి, రోజూ చూసుకునే మనిషి ఉన్నాడు: ఇంకో ఏడాది మట్టితో కుస్తీ పట్టకుండా నేలంతా వీడ్ మ్యాట్ (కలుపు రాకుండా పరిచే షీటు) కప్పేసి బ్యాగులకు మారండి. నీళ్లు ఉప్పు, మట్టికీ నులిపురుగులు, రెండూ ఉన్నవాళ్లు ముందు వాననీటి కుంట తవ్వాలి. అది అయ్యేదాకా క్యాప్సికం మానేసి, అంటు కట్టిన టమాటాతో గడపడం నయం.

పంట వైపు నుంచి చూస్తే, మూడు నాలుగు నెలల్లో ముగిసే కీర దోస కోకోపీట్ నేర్చుకోవడానికి మంచి పంట. పొరపాటు జరిగినా ఏడాది పోదు. క్యాప్సికంతో నేర్చుకోవడం ఖరీదైన చదువు. ఆకుకూరలకు బ్యాగులు దండగ, మట్టి బెడ్డే చాలు. సేంద్రియ సర్టిఫికెట్‌తో యూరప్‌కు పంపే ఆలోచనుంటే చర్చే లేదు, అక్కడి నిబంధనలు మట్టిలో పెరిగిన కూరగాయల్నే సేంద్రియంగా ఒప్పుకుంటాయి.

కరెంటుకు బదులు ఏర్పాటు బ్యాగులతో పాటే కొనాలి. చిన్న జనరేటర్ గానీ, డ్రిప్‌కు సరిపడా ఎత్తులో ఒక పూటకు సరిపోయే నీళ్ల ట్యాంకు గానీ. రెండోది మౌనంగా పని చేస్తుంది, డీజిల్ అడగదు.

మారాలా వద్దా అని ఇంకా సందేహం ఉంటే ఒక పంటకు నాలుగు వరుసలు బ్యాగుల్లో పెట్టి చూడండి. ఆ వరుసలకు వేరే వాల్వు, వేరే టైమరు, వీలైతే వేరే ఎరువుల ట్యాంకు ఉండాలి. మట్టి వరుసల లైనుకే బ్యాగుల్ని తగిలిస్తే రోజుకోసారి నీళ్లతో బ్యాగులు ఎండుతాయి, పదిసార్లు ఇస్తే మట్టి బురదవుతుంది, రెండింటిలో ఏది మంచిదో ఆ పోలిక చెప్పదు. కోతలో మొత్తం బరువుతో పాటు ఏ గ్రేడ్ ఎంత వచ్చింది, కాయ అడుగు కుళ్లి పారేసినవి ఎన్ని అన్నది రెండు వైపులా విడివిడిగా రాసుకోండి.